ముందు కాలి కదలిక, ఆ తరువాతే ఫిన్స్

సముద్రం అడుగున ఏముందో కళ్ళారా చూడాలన్న కోరిక మనవారిలో ఈమధ్య బాగా పెరిగింది. విశాఖపట్నంలో ఋషికొండ తీరం, కర్ణాటకలో మురుడేశ్వరం దగ్గరి నేత్రాణి దీవి, అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్ వంటి చోట్ల స్కూబా డైవింగ్ చేయించే కేంద్రాలున్నాయి. సరదాగా ఒకసారి దిగి వచ్చేవారికి పరికరాల చింత లేదు. శిక్షకుడే అన్నీ తొడిగి, సిలిండరు పట్టుకొని వెంట నడిపిస్తాడు. ఈ వ్యాసం వారిని ఉద్దేశించినది కాదు. ఆ ఒక్కసారితో ఆగక, కోర్సు పూర్తిచేసి, సొంత సామగ్రి కొనుక్కోవాలనుకునే వారి కోసం వ్రాస్తున్నాను.

ఇటువంటివారు మాస్క్ కొనేటప్పుడు పదిమందిని అడుగుతారు. ముఖానికి ఆనించి, గాలి పీల్చి, అంటుకుంటుందో లేదో పరీక్షిస్తారు. ఫిన్స్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం చెప్పుల సైజు చెప్పి, రంగు చూసి కొనేస్తారు. ఫిన్స్ అంటే పాదాలకు తొడుక్కునే పొడవాటి రెక్కలు. అవి చూడటానికి చెప్పులలాగానే ఉంటాయి కాని, చేసే పని వేరు. నీటిలో మీ తొడ, మోకాలు, చీలమండ ఎంత భారం మోయాలో, మీ గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలో, సిలిండరులోని గాలి ఎన్ని నిమిషాలు రావాలో నిర్ణయించడంలో వాటికి పెద్ద పాత్ర ఉంది. నేను డైవింగ్ శిక్షకుణ్ణి కాను. ఒక వైద్యునిగా కాలు, గుండె, ఊపిరి వైపు నుంచి ఈ విషయం చెప్పదలచాను. నా అభిప్రాయం ఒక్క మాటలో ఇది: ఫిన్‌ను వేగం చూసి ఎంచుకోకూడదు, మీరు కాళ్ళు కదిపే పద్ధతిని చూసి, ఆ కాళ్ళకు ఉన్న శక్తిని చూసి ఎంచుకోవాలి.

రెక్క వెనుక కథ

పాదాలకు రెక్కలు కట్టుకోవాలన్న ఆలోచన పాతదే. అమెరికా రాజనీతిజ్ఞుడు, శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ చిన్ననాట చేతులకు కోడిగుడ్డు ఆకారపు చెక్క పలకలు తగిలించుకొని ఈదేవాడు. పాదాలకు కూడా ఒకరకం పలకలు కట్టి చూశాడు కాని, అవి ఆయనకు తృప్తి కలిగించలేదు. ఈతలో నీటిని నెట్టేది అరికాలు ఒక్కటే కాదని, పాదం లోపలి వైపు, చీలమండ కూడా నెడతాయని ఆయన గ్రహించాడు. ఈ చిన్న పరిశీలన చాలా విలువైనది. దానిని గుర్తుంచుకోండి, కొంచెం సేపట్లో దాని అవసరం వస్తుంది.

ఆధునిక ఫిన్స్‌కు 1933లో ఫ్రాన్సు నౌకాదళంలో పనిచేసిన లూయీ ద కోర్లియూ పేటెంటు పొందాడు. 1940లో ఓవెన్ చర్చిల్ అమెరికాలో వాటిని అమ్మకానికి తెచ్చాడు. 1960 దశకంలో రెక్కకు రంధ్రాలున్న పొట్టి, బరువైన రబ్బరు జెట్ ఫిన్స్ వచ్చాయి. 1990 దశకం చివరికి రెక్కను మధ్యకు చీల్చినట్లుండే స్ప్లిట్ ఫిన్స్ వచ్చాయి. ఇవి ఒకదానికంటే ఒకటి మెరుగైన రకాలని అనుకోవడం పొరపాటు. వేర్వేరు కదలికలకు తగిన వేర్వేరు పనిముట్లు అవి. కొడవలి, గొడ్డలి రెండూ కోసేవే అయినా, వరి కోతకు గొడ్డలి పట్టుకొని ఎవరూ పోరు కదా!

ఊపిరి లెక్క

కదలికల సంగతికి పోయేముందు గాలి లెక్క ఒకటి చూద్దాం. సాధారణంగా వాడే 11 లీటర్ల అల్యూమినియం సిలిండరును 200 బార్ ఒత్తిడితో నింపితే అందులో సుమారు 2,200 లీటర్ల గాలి ఉంటుంది. 20 మీటర్ల లోతున ఒత్తిడి ఉపరితలం కంటే 3 రెట్లు. అంటే అక్కడ పీల్చే ప్రతి ఊపిరికి సిలిండరులోనుంచి 3 రెట్లు గాలి ఖర్చవుతుంది. నింపాదిగా ఈదే మనిషి నిమిషానికి 15 లీటర్లు పీలుస్తున్నాడనుకుంటే, ఆ లోతున ఖర్చు 45 లీటర్లు. పైకి రావడానికి ఉంచుకోవలసిన నిలువను పక్కన పెట్టి లెక్కిస్తే, ఆ గాలి 48 నిమిషాలు వస్తుంది. అదే మనిషి బిగుసైన ఫిన్స్‌తో ఆయాసపడుతూ నిమిషానికి 30 లీటర్లు పీలిస్తే 24 నిమిషాలకే సిలిండరు ఖాళీ.

నీరు గాలికంటే సుమారు 800 రెట్లు చిక్కనిది. నీటిలో వేగం రెట్టింపు చేయాలంటే శ్రమ రెట్టింపు చేస్తే చాలదు. దాదాపు 8 రెట్లు కావాలి. అందుచేత నీటి అడుగున తొందర అనేది చాలా ఖరీదైన అలవాటు. లోతున పీల్చే గాలి కూడా చిక్కబడుతుంది కాబట్టి అలసిన మనిషి ఎంత ఊపిరి తీసినా బొగ్గుపులుసు వాయువు పూర్తిగా బయటకు పోదు. అది రక్తంలో పెరిగితే ఆయాసం, తలనొప్పి, కారణం తెలియని భయం మొదలవుతాయి. భయపడిన మనిషి ఇంకా గట్టిగా కాళ్ళు కొడతాడు. అప్పుడు వాయువు ఇంకా పెరుగుతుంది. నీటి అడుగున జరిగే అనేక ప్రమాదాలకు మూలం ఈ విషవలయమే. కాళ్ళకు మించిన ఫిన్ ఒక మనిషిని ఈ వలయంలోకి దించగలదు. అందుకే దీనిని నేను సామగ్రి విషయంగా కాక ఆరోగ్య విషయంగా చూస్తున్నాను.

ఫ్లటర్ కిక్: తుంటి నుంచి పుట్టవలసిన కదలిక

మొదట అందరికీ నేర్పేది ఫ్లటర్ కిక్. కాళ్ళు చాచి, ఒకటి పైకి, ఒకటి కిందికి, కత్తెరలా మార్చి మార్చి ఆడించడం. ఇది తుంటి కీలు దగ్గర పుట్టాలి. మోకాలు కొద్దిగా మాత్రమే వంగాలి. కొత్తవారు చాలామంది మోకాలు పూర్తిగా మడిచి సైకిలు తొక్కినట్లు తొక్కుతారు. అప్పుడు రెక్క నీటిని వెనక్కు నెట్టదు, కోసుకుంటూ పోతుంది. శ్రమ మిగులుతుంది, ప్రయాణం సాగదు.

ఈ కదలికలో పాదం బాలే నర్తకి పాదంలా వెనక్కు చాపి ఉంటుంది. అంటే పిక్క కండరం ఎప్పుడూ కురచబడిన స్థితిలో పనిచేస్తుంది. కండరాలు పట్టేయడానికి అనువైన స్థితి అదే. రెక్క ఎంత పొడవుగా, ఎంత బిగుసుగా ఉంటే పిక్క మీద అంత బరువు పడుతుంది. కాబట్టి ఫ్లటర్ కిక్ ప్రధానంగా వాడేవారికి మధ్యస్థంగా వంగే రెక్క మేలు. మోకాళ్ళు, చీలమండలు బలహీనంగా ఉన్నవారికి, వయసు మళ్ళినవారికి స్ప్లిట్ ఫిన్స్ కూడా మంచి ఎంపికే. అవి తేలికగా ఊగుతాయి, కీళ్ళ మీద ఒత్తిడి తగ్గిస్తాయి. వాటిని వాడేవారిని చేతకానివారిగా చూసే ధోరణి కొందరు అనుభవజ్ఞులలో ఉంది. అది సరికాదు. ఎవరి కాలు వారిది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి: ఎదురు ప్రవాహంలో ఒక్కసారిగా బలం కావలసినప్పుడు మరీ మెత్తని రెక్క చేయి ఇవ్వవచ్చు.

ఫ్లటర్ కిక్‌కు మరో లోపం ఉంది. రెక్క కిందికి దిగినప్పుడల్లా నీటిని అడుగువైపు నెడుతుంది. అడుగున మెత్తటి ఇసుక, ఒండ్రు ఉంటే అది లేచి చూపు మూసుకుపోతుంది. పగడపు దిబ్బల దగ్గర రెక్క తగిలి కొమ్మలు విరుగుతాయి. ఒక్క వేటుతో విరిగిన ఆ కొమ్మ పెరగడానికి ఏళ్ళు పడుతుంది. మన దేశంలో అనేక పగడపు జాతులు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షితాలని కూడా గుర్తుంచుకోవాలి.

ఫ్రాగ్ కిక్: మన కప్ప ఈత

చెరువులలో, దిగుడు బావులలో ఈత నేర్చినవారికి కప్ప ఈత కొత్త కాదు. ఫ్రాగ్ కిక్ దానికి దగ్గరి చుట్టం. మోకాళ్ళు మడిచి, పాదాలను పక్కలకు తిప్పి, రెండు అరికాళ్ళతో నీటిని వెనక్కు నెట్టి, కాళ్ళు కలిపి కాసేపు జారిపోవడం. ఆ జారుడులోనే దీని రహస్యమంతా ఉంది. ఒక నెట్టు, ఒక విరామం. విరామంలో కండరాలకు రక్తం అందుతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది. నీరు వెనక్కే పోతుంది కాని కిందికి పోదు గనుక ఒండ్రు లేవదు, పగడాలకు దెబ్బ తగలదు. తొందరలేని డైవింగ్‌కు ఇంతకంటే అనువైన కదలిక లేదని నా అభిప్రాయం.

ఫ్రాంక్లిన్ గమనించిన విషయం ఇక్కడే అక్కరకు వస్తుంది. ఈ కదలికలో నీటిని పట్టేది పాదం లోపలి వైపు, పక్కకు తిరిగిన అరికాలు. రెక్క మెత్తగా ఉంటే పక్కకు తిప్పినప్పుడు అది మెలితిరిగి నీటిని జారవిడుస్తుంది. చీలిన రెక్క అయితే మరీను. కాబట్టి ఫ్రాగ్ కిక్‌కు పొట్టిగా, వెడల్పుగా, బిగువుగా ఉండే రెక్క కావాలి. జెట్ ఫిన్ తరహావి ఇందుకు పేరుపడ్డాయి. వెనక్కు జరగడానికి వాడే బ్యాక్ కిక్, ఉన్నచోటనే తిరగడానికి వాడే హెలికాప్టర్ మలుపు కూడా ఇటువంటి రెక్కతోనే సులువుగా వస్తాయి.

ఇక్కడ మోకాలి గురించి ఒక హెచ్చరిక చేయాలి. పాదాన్ని బయటకు తిప్పి నెట్టినప్పుడు మోకాలి లోపలి వైపు లిగమెంటు సాగుతుంది. బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదే క్రీడాకారులలో మోకాలి లోపలి నొప్పి వైద్యులకు బాగా తెలిసినదే. చేతిలో పొడవాటి కర్ర పట్టుకుంటే మణికట్టు మీద బరువు పెరిగినట్లు, ఫిన్ తోడైతే మోకాలి మీద మెలిక పెరుగుతుంది. అందుచేత ఆ మెలిక తుంటి కీలు నుంచి, చీలమండ నుంచి రావాలి గాని మోకాలి నుంచి రాకూడదు. మోకాళ్ళను మరీ వెడల్పుగా చాపకుండా చిన్న నెట్టుతో సరిపెట్టుకోవాలి. మెనిస్కస్ చిరిగినవారు, లిగమెంటు దెబ్బతిన్నవారు, మోకాలి మార్పిడి చేయించుకున్నవారు ఈ కదలిక మొదలుపెట్టే ముందు తమ ఎముకల వైద్యుణ్ణి అడగడం మంచిది. వారికి ఎంత గొప్ప జెట్ ఫిన్ అయినా మేలు చేయకపోవచ్చు.

డాల్ఫిన్ కిక్ అని మరొకటి ఉంది. రెండు కాళ్ళు కలిపి నడుము నుంచి అలలా ఊగడం. సిలిండరు లేకుండా ఊపిరి బిగబట్టి లోతుకు దిగేవారు పొడవాటి రెక్కలతో దీనిని ఎక్కువగా వాడతారు. నడుము డిస్కు సమస్య ఉన్నవారికి ఇది తగదు. వీపున సిలిండరు మోసే స్కూబా డైవర్‌కు దీని అవసరం కూడా అరుదే. ఆ పొడవాటి రెక్కల అందం చూసి స్కూబా కోసం కొనడం డబ్బు దండగ.

మరి ఏది కొనాలి?

కొత్తవారిలో చాలామంది అంతర్జాలంలో నిపుణుల వీడియోలు చూసి, వారు వాడే బరువైన, బిగుసైన రెక్కలనే కొంటారు. ఆ నిపుణులలో పలువురు చలి సముద్రాలలో, గుహలలో, మందపాటి సూట్లు వేసుకొని దిగుతారు. ఆ సూట్లు కాళ్ళను పైకి తేలుస్తాయి కాబట్టి బరువైన ఫిన్ వారికి సమతూకం ఇస్తుంది. మన వెచ్చని సముద్రాలలో పలుచని సూటుతో దిగేవారికి అదే ఫిన్ కాళ్ళను కిందికి లాగవచ్చు. కాళ్ళు జారితే శరీరం ఏటవాలుగా నిలబడుతుంది, నీటి అడ్డు పెరుగుతుంది. మళ్ళీ అదే శ్రమ, అదే ఆయాసం.

నేను సూచించే క్రమం ఇది. మొదటి పది పదిహేను డైవ్‌లకు ఏమీ కొనవద్దు. కేంద్రంలో ఇచ్చేవే రకరకాలు మార్చి మార్చి వాడండి. శిక్షకుణ్ణి అడిగి రెండు కదలికలూ నేర్చుకోండి. మీ శరీరం దేనికి సుముఖంగా ఉందో తెలిశాక, అనుమతిస్తే ఈతకొలనులో ఇరవై నిమిషాలు ఆ ఫిన్స్‌తో ఈదండి. పిక్కలు లాగినా, మోకాలి లోపల నొప్పి పుట్టినా, మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా అది మీ ఫిన్ కాదు. రెండు కదలికలూ వాడతాననేవారు మధ్యస్థ బిగువున్న, మామూలు పలక రెక్కతో మొదలుపెట్టడం క్షేమం.

పాదం సంగతి

సైజు చూసేటప్పుడు వేళ్ళు కదలాలి, మడమ లేవకూడదు. సాయంత్రానికి పాదాలు కొద్దిగా ఉబ్బుతాయి గనుక ఆ వేళ కొలత చూడటం మంచిది. మడమ మూసి ఉండే రకం పడవ మీదినుంచి దిగేవారికి సరిపోతుంది. రాళ్ళ తీరం నుంచి నడిచి దిగేవారికి బూట్ల మీద తొడిగే, మడమ పట్టీ ఉన్న రకం మేలు. ఆ రకం కొనేటప్పుడు బూటు తొడుక్కొనే కొలత చూడాలి.

మధుమేహం ఉన్న పాఠకులు ఈ పేరాను ప్రత్యేకంగా చదవాలని కోరుతున్నాను. మీ పాదాలకు స్పర్శ తగ్గి ఉంటే, బిగుతైన ఫిన్ ఒరిపిడి మీకు తెలియదు. నీటిలో నానిన చర్మం సులువుగా చీరుకుపోతుంది. బొబ్బ లేస్తుంది, పగులుతుంది, ఉప్పునీటిలోని సూక్ష్మజీవులు అందులోకి చేరతాయి. మామూలు మనిషికి రెండు రోజుల్లో మానే బొబ్బ మీకు పాదానికే ముప్పు తేవచ్చు. మడమ మూసిన ఫిన్‌ను వట్టి పాదానికి తొడగవద్దు. మెత్తని బూటు వేసుకోండి. పైకి వచ్చిన వెంటనే మంచినీటితో కడిగి, వేళ్ళ సందులు తుడిచి, అరికాలును అద్దంలో చూసుకోండి. చక్కెర అదుపులో లేనివారు, ఇన్సులిన్ వాడేవారు ముందుగా వైద్యుని అనుమతి లేకుండా దిగనే కూడదు.

నీటి అడుగున పిక్క పడితే

ఎంత మంచి ఫిన్ అయినా అలసిన రోజున పిక్క పట్టవచ్చు. అప్పుడు కాలు కొట్టడం వెంటనే ఆపండి. తోటి డైవర్‌కు సైగ చేయండి. ఫిన్ కొసను చేత్తో పట్టుకొని, మోకాలు నెమ్మదిగా చాపుతూ, కొసను మీ వైపు లాగండి. చేయి అందకపోతే తోటివారు పట్టి నెట్టవచ్చు. నొప్పి తగ్గాక కదలిక మార్చండి: ఫ్లటర్‌లో పట్టితే కాసేపు ఫ్రాగ్, ఫ్రాగ్‌లో పట్టితే కాసేపు ఫ్లటర్. రెండు కదలికలూ నేర్చుకొమ్మని పైన చెప్పడానికి ఇది కూడా ఒక కారణం. రక్తపోటుకు నీటిమాత్రలు వాడేవారిలో కండరాలు పట్టడం ఎక్కువగా కనిపిస్తుంది. అటువంటివారు మాత్రలు తమంతట తాము మానకుండా, వైద్యునితో ముందే మాట్లాడుకోవాలి.

ఆయాసం వస్తే కూడా అదే సూత్రం. కదలిక ఆపి, నిదానంగా, పూర్తిగా ఊపిరి వదలాలి. నీటిలో మునిగినప్పుడు కాళ్ళలోని రక్తం కొంత ఛాతీలోకి చేరుతుంది. గుండె మీద భారం పెరుగుతుంది. దాని మీద కఠిన శ్రమ తోడైతే, ముఖ్యంగా రక్తపోటు ఉన్నవారిలో, ఊపిరితిత్తులలో నీరు చేరే ప్రమాదం ఉంది. విశ్రాంతి తీసుకున్నా తగ్గని ఆయాసం, దగ్గు, నురగతో కూడిన కఫం కనిపిస్తే డైవ్ ముగించి, నేర్చుకున్న నిదానపు వేగంతోనే పైకి వచ్చి, వైద్యసహాయం పొందాలి. 45 ఏళ్ళు దాటినవారు, పొగతాగేవారు, గుండె జబ్బు కుటుంబంలో ఉన్నవారు డైవింగ్ ముందు పరీక్ష చేయించుకోవడం లాంఛనమని అనుకోవద్దు.

చివరగా పడవ మీద ఒక జాగ్రత్త. ఫిన్స్ అన్నిటికంటే చివర తొడుక్కోండి, అన్నిటికంటే ముందు విప్పండి. విప్పడం మాత్రం నిచ్చెన పట్టుకున్నాకే. తొడిగాక నడవవలసివస్తే ముందుకు నడవవద్దు. వెనక్కో పక్కకో అడుగు వేయండి. తడిసిన పడవ మీద సిలిండరు మోస్తూ బోర్లా పడిన మనిషికి విరిగేది తుంటి ఎముక కావచ్చు.

సముద్రం అడుగున ఎవరూ పందెం పెట్టలేదు. చేపలతో పరుగుకు దిగి గెలిచినవారు లేరు. నెమ్మదిగా కదిలేవారికే అక్కడ ఎక్కువ కనిపిస్తుంది, ఎక్కువ సేపు కనిపిస్తుంది. కాబట్టి ఫిన్స్ అమ్మే మనిషి "దీంతో ఎంత వేగంగా పోవచ్చో తెలుసా?" అని అడిగితే, "దీంతో ఎంతసేపు అలసిపోకుండా ఉండవచ్చు?" అని మీరు తిరిగి అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగే ఫిన్స్‌నే ఇంటికి తెచ్చుకోండి.